ఒకే తెర మీద ఎనిమిది మంది: ఫైటింగ్ గేమ్ బాగుపడుతుందా, గుంపులో గోవిందా అవుతుందా?

కొత్త ఫైటింగ్ గేమ్ ఏది ప్రకటించినా రెండు ప్రశ్నలు వెంటనే వచ్చేస్తాయి. ఆన్‌లైన్‌లో సాఫీగా నడుస్తుందా అన్నది మొదటిది. ఒకే గదిలో కూర్చుని ఎంతమంది ఆడొచ్చు అన్నది రెండోది. మొదటిదాని మీద పెద్దగా వాదన ఉండదు. గేమ్ తడబడకుండా నడవాలనే అందరూ కోరుకుంటారు. గొడవంతా రెండోదాని దగ్గరే. నలుగురో ఎనిమిది మందో ఒకేసారి కలబడే మోడ్ ఉంటే గేమ్ విలువ పెరిగినట్టే అని కొందరు అంటారు. అది ఫైటింగ్ గేమ్ అనిపించుకోదు, ఉత్త తొక్కిసలాట అని మరికొందరు కొట్టిపారేస్తారు.

నాకు ఈ రెండు మాటల్లోనూ సగం నిజమే కనిపిస్తుంది. ఎంతమందిని ఆడనిస్తుంది అన్న అంకె కంటే, ఆ గేమ్ పునాది ఎంతమంది కోసం వేశారు అన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. అదెలాగో అర్థం కావాలంటే కంట్రోలర్ మీద బొటనవేలు ఎటు కదులుతుందో అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

## 'లోకల్', 'గుంపు' అంటే ఏమిటి

లోకల్ మల్టీప్లేయర్ అంటే ఇంటర్నెట్ అవసరం లేకుండా ఒకే కన్సోల్‌కి గానీ ఒకే కంప్యూటర్‌కి గానీ అందరి కంట్రోలర్లూ కలుపుకుని, ఒకే తెర చూస్తూ ఆడటం. పెద్ద గుంపు అనడానికి ఇంతమంది ఉండాలన్న లెక్కేమీ లేదు. ఇక్కడ మాత్రం నలుగురూ ఆపైన అనుకుందాం.

గుంపుగా ఆడటంలోనూ రకాలున్నాయి. అందరూ ఒకేసారి బరిలోకి దిగేది ఒకటి, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఆడేది ఇంకొకటి. 2018 డిసెంబరులో నింటెండో స్విచ్ మీద వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్‌లో ఈ రెండూ ఉన్నాయి. ఒకే పోరులో 8 మంది దిగొచ్చు, టోర్నీ మోడ్ పెట్టుకుంటే 32 మంది దాకా పాల్గొనొచ్చు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే సగం వాదనలు తెగవు.

ఆలోచన కొత్తదేమీ కాదు. 1996లో సెగా సాటర్న్ కన్సోల్ మీద వచ్చిన బాంబర్‌మ్యాన్‌లో, అంటే బాంబులు పెట్టి ఎదుటివాళ్లను పేల్చే ఆటలో, 10 మంది ఒకేసారి ఆడారు. అదే ఏడాది అదే యంత్రం మీద ట్రెజర్ సంస్థ చేసిన గార్డియన్ హీరోస్‌లో ఆరుగురు ఒకరితో ఒకరు తలపడే వీలుంది. బాంబర్‌మ్యాన్‌ను ఎవరూ ఫైటింగ్ గేమ్ అనరు కాబట్టి దాని మీద గొడవ రాలేదు. చిక్కంతా ఇద్దరి పోరుగా పేరుపడ్డ జాతిలోకి గుంపును తెచ్చినప్పుడే.

## 'ముందు' ఎటు, 'వెనక' ఎటు

1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2 తీసుకోండి. తెరకు ఒక పక్క మీరు, మరో పక్క ప్రత్యర్థి. మీ పాత్ర ఎప్పుడూ అతని వైపే తిరిగి ఉంటుంది. అతను మీ మీదుగా దూకి అవతల పడితే మీ పాత్ర తనంతట తానే అటు తిరుగుతుంది, మీరేమీ నొక్కక్కర్లేదు. దెబ్బ కాచుకోవాలంటే స్టిక్‌ను వెనక్కి, అంటే ప్రత్యర్థికి దూరంగా పట్టుకుంటే చాలు. ర్యూ పాత్రతో హడోకెన్ (చేతుల్లోంచి దూసుకెళ్లే శక్తి గోళం) వదలాలంటే స్టిక్‌ను కిందికి, కింద నుంచి ఏటవాలుగా ముందుకి, ఆపైన పూర్తిగా ముందుకి తిప్పి పంచ్ కొట్టాలి.

ఇందులో 'ముందు', 'వెనక' అన్నవి ఎదుటివాడు ఎక్కడున్నాడో దాన్ని బట్టి మారేవి. కాచుకోవడం, కొట్టడం, ప్రత్యేకమైన దెబ్బ వదలడం అన్నీ ప్రత్యర్థి ఒక్కడే అన్న నమ్మకం మీద నిలబడ్డాయి.

కాంబో సంగతీ అంతే. ఒక దెబ్బ తగిలాక ఎదుటివాడు రెప్పపాటు కదల్లేడు, ఆలోపు రెండోది, మూడోది తగిలించాలి. కొన్నిసార్లు ఇది కొన్ని సెకన్ల పాటు సాగుతుంది. ఇద్దరే ఉన్నప్పుడు ఆ కొన్ని సెకన్లూ కొట్టేవాడివి. మూడోవాడు ఉంటే? కాంబో మొదలుపెట్టినవాడి చేతులు, కళ్లు ఒకచోటే కట్టుబడి ఉంటాయి కాబట్టి వీపు ఖాళీ. నెలల తరబడి సాధన చేసి నేర్చుకున్న పొడవాటి కాంబో గుంపులో బలం కావాల్సింది పోయి బలహీనత అవుతుంది.

## నలుగురిని దించిన గిల్టీ గేర్

ఈ చిక్కును బాగా దగ్గరగా చూపించే గేమ్ ఒకటుంది. ఆర్క్ సిస్టమ్ వర్క్స్ సంస్థ 2003లో ఆర్కేడ్‌లకు (నాణెం వేసి ఆడే ఆటశాలలకు), 2004లో ప్లేస్టేషన్ 2కి తెచ్చిన గిల్టీ గేర్ ఇసుకా. ఇద్దరి పోరుకు, చురుకైన కాంబోలకు పేరుపొందిన వరుస అది. ఇసుకాలో ఒకేసారి నలుగురు దిగొచ్చు. స్థలం చాలడానికి వేదికను ముందు వరుస, వెనక వరుస అని రెండుగా చేశారు.

ఇప్పుడు మీరు మధ్యలో ఉన్నారనుకోండి. ఎడమ నుంచి ఒకరు తన్నబోతున్నారు, కుడి నుంచి మరొకరు కత్తి దూస్తున్నారు. పాత్ర ఎవరి వైపు తిరగాలి? గేమ్ తనంతట తాను నిర్ణయించలేదు. అందుకని దిశ మార్చుకోవడానికే ఒక బటన్ కేటాయించారు. అప్పటిదాకా ఆటగాడి తలలోకే రాని పని ఇప్పుడు అడుగడుగునా చెయ్యాల్సి వచ్చింది. ఎదుటివాడు మీ మీదుగా దూకిన ప్రతిసారీ ముందు ఆ బటన్ నొక్కి, తర్వాతే ఏదైనా. ఆ గేమ్ మీద ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు ఇదే.

రూపకర్తలకు చేతకాలేదని కాదు. నలుగురు చేరేసరికి ఒక్క జోడీ ఉన్నచోట ఆరు జోడీలు తయారవుతాయి. ఎనిమిది మందైతే 28. ఆటగాళ్లు నాలుగు రెట్లు పెరిగితే, ఎవరు ఎవరిని కొట్టగలరు అన్న లెక్క 28 రెట్లు పెరుగుతుంది. ఒక్క జోడీ కోసం రాసిన నియమాలను ఇన్నింటికి సాగదీయబోతే ఎక్కడో ఒకచోట తెగుతాయి. 2012లో స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్‌లోనూ స్క్రాంబుల్ అని నలుగురూ ఒకేసారి కలబడే మోడ్ పెట్టారు. అసలు ఆట ట్యాగ్ పోరు, అంటే జట్టులోని పాత్రలను మార్చుకుంటూ ఆడేది. ఇది పక్కన పెట్టిన సరదా. అలా పక్కన పెట్టడమే నయమని నేననుకుంటాను. అసలు ఆటకు అది ఏ చెరుపూ చెయ్యలేదు.

## పునాది నుంచే వేరుగా కట్టిన గేమ్

సూపర్ స్మాష్ బ్రదర్స్ రూపకర్త మసహిరో సకురాయ్ తన అనుభవం ఒకటి చెప్పారు. ఆర్కేడ్‌లో కింగ్ ఆఫ్ ఫైటర్స్ 95 ఆడుతూ ఎదుటివాళ్లను చిత్తుగా ఓడించాక చూస్తే, అవతల ఉన్నది ఆటకు కొత్తయిన ఒక జంట. కాంబోలు వచ్చినవాడికీ రానివాడికీ మధ్య దూరం ఇంత ఉండకూడదన్న ఆలోచన అక్కడ పడింది. నింటెండో 64 యంత్రానికి కంట్రోలర్ పోర్టులు నాలుగు ఉండేవి. నలుగురు ఆడే పోరు, ప్రాణశక్తి పట్టీ లేని పోరు కావాలనుకున్నారు. 1999లో మొదటి స్మాష్ వచ్చింది.

అందులో ప్రతి నియమాన్నీ 'ప్రత్యర్థి ఎటువైపైనా ఉండొచ్చు' అన్న దృష్టితో చూస్తే అర్థమవుతుంది. కాచుకోవడానికి విడిగా ఒక బటన్ ఉంది, నొక్కితే పాత్ర చుట్టూ బుడగలాంటి కవచం వస్తుంది. ఎడమ నుంచి వచ్చినా కుడి నుంచి వచ్చినా అది ఒకేలా ఆపుతుంది. పాత్ర మీరు స్టిక్ ఎటు తోస్తే అటు తిరుగుతుంది. ప్రత్యేకమైన దెబ్బలకు చాలావరకు ఒక దిశ, ఒక బటన్ చాలు.

అన్నిటికన్నా కీలకం శాతం లెక్క. దెబ్బ తిన్నకొద్దీ మీ శాతం పెరుగుతుంది, శాతం పెరిగినకొద్దీ తర్వాతి దెబ్బకు మరింత దూరం ఎగిరిపడతారు. 0 శాతం ఉన్నవాడు రెండడుగులు జరిగే దెబ్బకి 120 శాతం ఉన్నవాడు తెర దాటిపోవచ్చు. అలా దాటిపోతేనే ప్రాణం పోయినట్టు. దీనివల్ల గుంపుకు ఒక మేలు జరుగుతుంది. దెబ్బ తిన్నవాడు ఎగిరి అవతల పడతాడు కాబట్టి ముగ్గురు కలిసి ఒకడిని మూలన కుదేసి కొడుతూ ఉండటం కష్టమవుతుంది. ప్రతి గట్టి దెబ్బా గుంపును చెదరగొడుతుంది.

2014లో వీ యూ కన్సోల్ మీద వచ్చిన స్మాష్‌లో ఈ సంఖ్యను ఎనిమిదికి పెంచారు. విడుదలైనప్పుడు అన్ని వేదికల మీదా ఎనిమిది మందిని అనుమతించలేదు, కొన్నింటి మీదే. నలుగురి కోసమే కట్టిన గేమ్‌కి కూడా ఎనిమిది మంది అనేసరికి హద్దు తగిలిందన్నమాట.

అల్టిమేట్‌లో ఇంకొంచెం లోతుకు వెళ్లారు. ఆయుధాల్లాంటి ఐటమ్స్ లేకుండా ఇద్దరే ఆడుతుంటే ప్రతి దెబ్బ నష్టాన్నీ గేమ్ 1.2 రెట్లు చేస్తుంది. గుంపులో అన్ని వైపుల నుంచీ దెబ్బలు పడతాయి కాబట్టి శాతం త్వరగా పెరుగుతుంది. ఇద్దరే ఉంటే పోరు సాగిపోతుంది కనుక దాన్ని తొందరపెట్టారు. దెబ్బ తగిలిన క్షణంలో కొట్టినవాడూ తిన్నవాడూ బిగుసుకుపోయే చిన్న విరామాన్ని కూడా జనం పెరిగేకొద్దీ కుదించారు. అలా బిగుసుకున్న ఇద్దరూ మూడోవాడికి కదలని గురి అవుతారు మరి. ఒకే గేమ్ ఇద్దరికో రకంగా, ఎనిమిది మందికో రకంగా లోలోపల మారుతోంది. గుంపు మోడ్ దానంతటది బాగుండదు, ఇలాంటి పని చేస్తే బాగుంటుందనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

## గుంపులో నైపుణ్యం ఏమవుతుంది

'ఎనిమిది మందిలో ఎవడైనా గెలవొచ్చు, అంతా అదృష్టం' అన్నది తరచూ వినే మాట. ఇది పూర్తిగా నిజం కాదు. దీనికి గణితంలో ఒక పాత చిక్కుప్రశ్న ఉంది.

ముగ్గురు తుపాకులతో త్రికోణంగా నిలబడ్డారు. మొదటివాడి గురి 100 శాతం, రెండోవాడిది 80, మూడోవాడిది 50. వరస చీటీ వేసి తేలుస్తారు, ఒక్కరు మిగిలేదాకా అదే వరసలో కాలుస్తూ పోవాలి. బలవంతులిద్దరికీ ఒకరంటే ఒకరికి భయం కాబట్టి ముందు ఒకరినొకరు గురిపెట్టుకుంటారు. మూడోవాడికి మంచిది వాళ్లిద్దరిలో ఒకరు పడేదాకా తన వంతు గాల్లోకి కాల్చెయ్యడమే. లెక్క కడితే మూడోవాడు మిగిలే అవకాశం సుమారు 52 శాతం, మొదటివాడిది 30, రెండోవాడిది దాదాపు 18. అందరికన్నా గురి తక్కువున్నవాడికే అవకాశం ఎక్కువ.

గుంపు పోరులోనూ ఇదే జరుగుతుంది. అందరికన్నా బాగా ఆడేవాడి మీద అందరి కళ్లూ పడతాయి. ఓ మూల నిశ్శబ్దంగా తిరిగేవాడు చివరిదాకా మిగులుతాడు. అయితే ఇందులో అదృష్టం పాత్ర తక్కువే. ఎప్పుడు కలబడాలి, ఎప్పుడు తప్పుకోవాలి, ఎవరిని ఎవరి మీదికి వదిలెయ్యాలి అన్నవి కూడా నైపుణ్యాలే. కాకపోతే ఫైటింగ్ గేమ్ ఏళ్లుగా కొలుస్తూ వచ్చిన నైపుణ్యాలు అవి కావు. వేళ్ల వేగం, ఎదుటివాడి మనసు చదవడం, ఎత్తుకు పై ఎత్తు వెయ్యడం కొలవాలంటే గుంపు పనికిరాదు. ఇక్కడ పోటీ ఆటగాళ్ల అభ్యంతరం న్యాయమైనదే. స్మాష్ టోర్నమెంట్లలో ప్రధానమైన పోటీని ఇద్దరి మధ్యే, ఐటమ్స్ తీసేసి, ఎంచిన కొద్ది వేదికల మీదే పెట్టుకోవడానికి కారణం ఇదే.

పాయింట్ల లెక్కలో ఇంకో చిక్కు. స్మాష్‌లో సమయం పెట్టుకుని ఆడే పద్ధతిలో ఒకరిని తెర దాటిస్తే ఒక పాయింటు వస్తుంది, మీరే పడిపోతే ఒకటి పోతుంది. లింక్ అనే పాత్రతో ఆడేవారు ఒక నిమిషం కష్టపడి కిర్బీ అనే పాత్రను 130 శాతానికి తెచ్చారు. అప్పుడే పక్క నుంచి మరో పాత్ర డాంకీ కాంగ్ వచ్చి ఒక్క గుద్దు గుద్ది తెర దాటించాడు. పాయింటు డాంకీ కాంగ్‌కే. సందట్లో సడేమియా అని లింక్ ఆటగాడికి ఒళ్లు మండటం సహజం. ఇద్దరి పోరులో ఈ మాటే రాదు, ఎవరి కష్టం వారికే. గుంపులో మాత్రం కష్టానికీ ఫలితానికీ మధ్య ముడి వదులవుతుంది. కొందరికి అదే సరదా, కొందరికి అదే భరించలేనిది.

## ఎదురుచూపుల లెక్క

గుంపు మోడ్‌ను సమర్థించేవాళ్ల బలమైన వాదన నైపుణ్యం గురించి కాదు, ఖాళీగా కూర్చోవడం గురించి. దీన్ని లెక్కలోనే చూద్దాం.

గదిలో 8 మంది ఉన్నారు. ఒక్కో పోరు 3 నిమిషాలు, మొత్తం సమయం గంట. ఇద్దరిద్దరు ఆడితే గంటకు 20 పోరాటాలు, అంటే 40 చోట్లు. సమానంగా పంచితే మనిషికి 5 పోరాటాలు, 15 నిమిషాలు. మిగతా 45 నిమిషాలు చూస్తూ కూర్చోవాలి. పైగా సమానంగా పంచరు. ఆర్కేడ్ల కాలం నుంచీ ఉన్న అలవాటు గెలిచినవాడు కూర్చునే ఉండటం, ఓడినవాడు లేవడం. ఒకరు మిగతావాళ్ల కంటే చాలా పైన ఉండి ఒక్కటీ ఓడకపోతే ఆ 20 పోరాటాల్లోనూ వారే ఉంటారు. మిగిలిన 20 చోట్లను ఏడుగురు పంచుకోవాలి. మనిషికి మూడు కూడా రావు, తొమ్మిది నిమిషాల లోపే. అందరికన్నా ఎక్కువ సాధన కావాల్సినవాళ్లకి అందరికన్నా తక్కువ ఆట.

ఓడితే ఇంటికే అన్న పద్ధతిలో టోర్నమెంట్ పెట్టినా 8 మందికి 7 పోరాటాలు, 21 నిమిషాలు. మొదటి దశలో ఓడిన నలుగురికి దక్కేది 3 నిమిషాలే.

ఎనిమిది మందీ ఒకేసారి దిగితే ఈ బాధ పోతుంది, కానీ పూర్తిగా కాదు. ఒక్కొక్కరికి మూడు ప్రాణాలు అని పెట్టుకుంటే ముందుగా అవుటైనవాడు మిగతా పోరు అయ్యేదాకా చూస్తూ కూర్చోవాలి. సమయం పెట్టుకుంటే అందరూ చివరిదాకా ఆడతారు, కానీ పైన చెప్పిన పాయింట్ల పేచీ మొదలవుతుంది. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాల్సిందే.

## కొత్తవాళ్లకు మేలా

గుంపు మోడ్ కొత్తవాళ్లను ఫైటింగ్ గేమ్స్ వైపు తెస్తుందని చాలామంది నమ్మకం. ఇందులో బలమైన సగం ఒకటుంది: ఓటమి నలుగురిలో కలిసిపోతుంది. ఇద్దరి పోరులో ఓడితే తప్పంతా మీదే, టెన్షన్ అంతా మీదే. ఎనిమిది మందిలో ఐదో స్థానం వస్తే ఎవరూ సిగ్గుపడరు, ఇంకోసారి ఆడదామంటారు.

బలహీనమైన సగం నేర్చుకోవడం. ఇద్దరి పోరులో మీకు తగిలిన ప్రతి దెబ్బా ఎవరిదో, ఎందుకు తగిలిందో తెలుస్తుంది. వరుసగా మూడుసార్లు దూకి మూడుసార్లూ దెబ్బ తింటే నాలుగోసారి దూకరు. ఎనిమిది మందిలో ఎటు నుంచి ఏం తగిలిందో తెలిసేలోపు మీరు గాల్లో ఉంటారు. తప్పు ఏమిటో కనపడకపోతే దిద్దుకోవడం ఎలా? అందువల్ల గుంపు మోడ్ తలుపు తీస్తుందని ఒప్పుకుంటాను, నడక నేర్పుతుందని మాత్రం అనలేను. అల్టిమేట్ 3 కోట్లకు పైగా కాపీలు అమ్ముడైన మాట నిజమే. దాన్ని ఎనిమిది మంది మోడ్ ఖాతాలో వెయ్యడానికి ఆధారం లేదు. 80 దాటిన పాత్రలు, ఇద్దరి పోరు, ఆన్‌లైన్ అన్నీ అందులో ఉన్నాయి.

## కంటికి, చేతికి ఉన్న హద్దులు

ఎనిమిది మందీ ఒకే తెరలో కనపడాలంటే కెమెరా వెనక్కి జరగాలి. జరిగినకొద్దీ పాత్రలు చిన్నవవుతాయి. ఎదుటివాడి భుజం కదలిక చూసి రాబోయే దెబ్బను పసిగట్టడం ఫైటింగ్ గేమ్‌లో సగం ఆనందం, అది పోతుంది. పాత స్ట్రీట్ ఫైటర్ పద్ధతిలో తెర అంచులే గోడలు కాబట్టి కెమెరాను అంతగా జరపలేరు, నలుగురికే ఇరుకవుతుంది.

యంత్రం సంగతి కూడా ఉంది. ప్లేస్టేషన్ 4 ఒకేసారి నాలుగు కంట్రోలర్లనే తీసుకుంటుంది, ఎక్స్‌బాక్స్ వన్ ఎనిమిదింటిని. స్విచ్‌తో వచ్చే జాయ్‌కాన్ జతను విడదీసి రెండు కంట్రోలర్లుగా వాడొచ్చు కాబట్టి నాలుగు జతలుంటే ఎనిమిది మందికి సరిపోతాయి. ఆన్‌లైన్‌కి వెళ్తే అల్టిమేట్‌లో కూడా ఒక పోరులో నలుగురే. ఎనిమిది మంది పోరు కావాలంటే అందరూ ఒకచోట చేరాల్సిందే.

## గుంపును పెంచకుండా మనుషుల్ని పెంచే దారి

ఈ వాదనలో తక్కువగా వినిపించే మూడో దారి ఒకటుంది, నాకు దాని మీదే ఎక్కువ ఆశ. బరిలో ఎప్పుడూ ఇద్దరే ఉంటారు, కానీ ఒక్కో జట్టులో మనుషులు ఎక్కువ. 1994లో కింగ్ ఆఫ్ ఫైటర్స్ ముగ్గురు పాత్రల జట్టును తెచ్చింది, ఒకరు ఓడితే తర్వాతివారు దిగుతారు. ఒక్కరే ముగ్గురినీ ఆడించడం దాని పద్ధతి. ముగ్గురు స్నేహితులు పాత్రకొకరుగా స్టిక్ చేతులు మార్చుకుంటే మాత్రం అదే జట్టు ఆట అవుతుంది. 2012లో కన్సోళ్లకు వచ్చిన టెక్కెన్ ట్యాగ్ టోర్నమెంట్ 2లో నలుగురు నాలుగు కంట్రోలర్లు పట్టుకుని, ఇద్దరిద్దరు జట్టుగా, పోరు మధ్యలోనే పాత్రలు మార్చుకుంటూ ఆడొచ్చు.

రయట్ గేమ్స్ వారి 2ఎక్స్‌కేఓ ఈ దారిని అసలు ఆటగానే తీసుకుంది. జట్టుకు రెండు పాత్రలు, వాటిని ఒక్కరే ఆడించొచ్చు, లేదా ఇద్దరు పంచుకోవచ్చు. ఒకరు ముందు నిలబడి కొట్లాడుతుంటే రెండోవారు బయటి నుంచి సరైన సమయానికి సాయంగా దూకుతారు. 'ముందు', 'వెనక' అన్న మాటల అర్థం చెడదు, దిశ మార్చే బటన్ అక్కర్లేదు, దెబ్బ ఎవరిదో తెలుస్తుంది. నలుగురు ఆడుతున్నా నిజంగా తలపడే జోడీ ఏ క్షణానికైనా దాదాపు ఒక్కటే. అయితే ఈ దారికీ ఖర్చుంది. ఎదుటి జట్టులో ఇద్దరూ ఆరితేరినవాళ్లయితే కొత్తగా వచ్చిన జంటకు దాక్కోవడానికి గుంపు ఉండదు. ఆర్కేడ్‌లో సకురాయ్ ఎదురుపడ్డ ఆ ఇద్దరికి ఇది పనికొచ్చేది కాదు, ఎనిమిది మంది స్మాష్ పనికొచ్చేది.